గాజు సీసాలో గోళీలు

ఆ వసంతంలో నేను చేసిన పాడుపని ముందే చెప్పేస్తాను. ఇంకెవరో చెప్పగా మీకు తెలియడం నాకిష్టం లేదు. మా అమ్మ జన్మలో ఎవరికీ చెప్పని సంఖ్యని, నేను ఒక చేత్తో కాఫీ కలుపుకుంటూ స్కూల్ బోర్డు ఆఫీసుకి ఫోన్లో చెప్పేశాను.

అమ్మ పేరు గిటెల్ కగన్. అప్పటికి ఎనభై ఎనిమిదేళ్ళు. ఆవిడ పదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు, తూర్పు ఐరోపాలో, వోలిన్ వైపు వాళ్ళ ఊళ్ళో యూదులందర్నీ నాజీలు, వాళ్ళకి తోడుపడ్డ ఇరుగుపొరుగు కలిసి ఊరి బయట ఇసుక గోతుల దగ్గరికి తోలుకెళ్ళి కాల్చేశారు. అమ్మ ఒక రైతు ఇంట్లో బంగాళాదుంపల గోతిలో దాక్కుని బతికింది. ఒహాయో నది ఒడ్డున మేముండే కార్వర్ ఫెర్రీలో ఎనిమిదో తరగతి పిల్లలకి ఏటా మే నెలలో తన ఊరి సంగతి చెప్పే ఒక గంట అమ్మది. ఇరవయ్యారేళ్ళుగా అంతే. ఆ గంట ఉంటుందా పోతుందా అన్నదే ఆ ఏటి గొడవంతా.

నేను అదే స్కూలుకి బస్సు నడుపుతాను. పద్నాలుగో నంబరు. ఆ గంటకి మాత్రం ఎప్పుడూ వెళ్ళలేదు. మొదట్లో అమ్మ రావద్దంది, తర్వాత నేనే పంతం పట్టాను. కన్నకూతురికి ఇంట్లో ఒక్క ముక్క చెప్పని మనిషి, ముక్కూ మొహం తెలియని పిల్లలకి కూర్చోబెట్టి చెబుతోందంటే నాకు ఒళ్ళు మండేది.

పాసోవర్ పండగ నాలుగో రోజు మధ్యాహ్నం డోలోరెస్ వచ్చింది. ఎనిమిదో తరగతికి చరిత్ర పాఠాలు చెప్పేది ఆవిడే. ఆదివారాలు చర్చిలో ఆర్గన్ వాయిస్తుంది. అమ్మని మొదటిసారి క్లాసుకి పిలుచుకెళ్ళింది కూడా ఆవిడే.

"కూర్చో. పండగ కదా, రొట్టె లేదు. అట్టముక్కలున్నాయి," అంది అమ్మ, పులియని పిండితో చేసే మాట్సా పళ్ళెం ముందుకి తోస్తూ.

డోలోరెస్ కూర్చోలేదు. సంచీలోంచి కాగితం తీసి బల్లమీద పెట్టింది. "ఇద్దరు తల్లిదండ్రులు ఫిర్యాదు చేశారు గిటెల్. పిల్లలు భయపడుతున్నారట. అందులో ఒకాయన అసలు ఎందరు పోయారన్న లెక్కలే అనుమానం అన్నాడు. బోర్డువాళ్ళు ఈ ఏడు మీ గంటని పునఃపరిశీలనకి పెట్టారు."

"అంటే ఆపేశారు."

"ఆపేశారు."

"దాని బదులు?"

డోలోరెస్ నా వైపు చూసింది, సాయం చెయ్యమన్నట్టు. నేను కిటికీ వైపు చూశాను. "వరండాలో పెద్ద గాజు సీసా పెడతారట. మీ ఊళ్ళో పోయినవాళ్ళు ఎందరో అన్ని గోళీలు. ఒక్కొక్కరికి ఒక్కోటి. నీలం రంగువి," అంది డోలోరెస్.

"రంగు నేనడగలేదు," అంది అమ్మ. "మమ్మల్ని ఒకసారి లెక్కపెట్టారు. వరసగా నిలబెట్టి, కర్రతో చూపించి. చాల్లే."

"అసలేమీ లేకపోవడం కంటే నయం కదమ్మా," అన్నాను.

"నీకు నయమే. నీ ఉద్యోగం వాళ్ళ దగ్గర."

నిజం కాబట్టే ఆ మాట తగలాల్సిన చోట తగిలింది.

ఇక్కడ మా పద్ధతి ఒకటి చెప్పాలి. మాలో మనుషుల్ని లెక్కపెట్టకూడదు. లెక్కపెడితే దిష్టి అంటారు కొందరు, మనిషి సరుకు కాదు కాబట్టి అంటుంది అమ్మ. పోయినవాళ్ళ కోసం చెప్పే ప్రార్థనకి షూల్‌లో, అంటే మా ప్రార్థన మందిరంలో, పదిమంది పెద్దవాళ్ళు ఉండి తీరాలి. మరి పదిమందీ వచ్చారో లేదో తెలియాలి కదా. అందుకని మా షూల్ పెద్ద సోల్, ఆయనకప్పుడు ఎనభై దాటాయి, గుమ్మం దగ్గర నిలబడి ఒక్కొక్కర్నీ చూపుడువేలితో చూపిస్తూ, "ఒకటి కాదు, రెండు కాదు, మూడు కాదు," అనేవాడు. అలా అంటే లెక్కపెట్టినట్టు కాదట. దేవుణ్ణి అంత సులువుగా బుట్టలో వెయ్యొచ్చని నేను చిన్నప్పటినుంచీ నమ్మలేదు, కానీ అందరం అలాగే చేస్తాం.

ఆ శనివారం సోల్ వేలు నా దగ్గరికొచ్చి ఆగిపోయింది. "తొమ్మిది కాదు," అన్నాడు. "ఇవాళ ప్రార్థన లేదు. గిటెల్, నువ్వింకా బతికే ఉన్నావు, అది చాలు."

"నిన్ను సాగనంపాకే వెళ్తాను, కంగారు పడకు," అంది అమ్మ.

పాసోవర్ నుంచి ఏడు వారాల పాటు మేము రోజులు లెక్కపెడతాం, చీకటి పడగానే రోజుకొక సంఖ్య చొప్పున. అమ్మ బుద్ధెరిగాక ఒక్కరోజు కూడా తప్పలేదు. రోజుల్ని అంత నిష్ఠగా లెక్కపెట్టే మనిషి, సీసా మాట వచ్చినప్పుడల్లా పెదవి బిగించి తల అడ్డంగా ఊపేది. పండగ అయిపోయిన మర్నాడు నన్ను వంటింట్లోకి పిలిచి, రాసుకునే పుస్తకం ఇచ్చింది.

"రాయి. పిల్లలకి ఏడాదికొక ఇల్లు చొప్పున ఇరవయ్యారు ఇళ్ళు చెప్పాను. ఇక చెప్పనివ్వరు. మిగిలినవి కాగితం మీదైనా ఉండాలి. వాళ్ళకి చెప్పినవి కూడా రాయి."

"ఏ ఇళ్ళు?"

"కుండలు," అంది.

నాకు యాభై తొమ్మిదేళ్ళు. మా తాత రొట్టెలు కాల్చేవాడని తెలుసు. అంతకు మించి తెలియదు. శనివారం నిప్పు ముట్టించకూడదు కనక, శుక్రవారం సాయంత్రమే ఊళ్ళోవాళ్ళు చిక్కుడు గింజలు, బార్లీ, దుంపలు, ఉన్నవాళ్ళు కాస్త మాంసం కుండలో వేసి, మూతకి చుట్టూ పిండి పూసి తాత పొయ్యిలో పెట్టి వెళ్ళేవారట. మర్నాడు మధ్యాహ్నం వచ్చి తీసుకెళ్ళేవారట. ఎవరి కుండ ఎవరిదో చూసి అందివ్వడం అమ్మ పని.

"అంచు పగిలి తీగ చుట్టిన కుండ, అద్దాలు బిగించే లైజర్ది. భార్య పెస్యా. పిల్లలు ఖయా, బెరెల్, ఇంకా పేరు పెట్టని చంటిది. మాంసం ఉండేది కాదు, బార్లీయే. నాన్న మూత తీసి, మా దాంట్లోంచి ఒక ఎముక అందులో వేసి మళ్ళీ పిండి పూసేవాడు. పెస్యాకి తెలుసు. తెలియనట్టు ఉండేది. రాశావా?"

రాశాను. నీళ్ళు మోసే యాంకెల్‌కి కుండే లేదు, వాడి దుంపలు బూడిదలో కాల్చేవారని రాశాను. చెప్పులు కుట్టే మోట్కె కుండకి తోలు తాడు, భార్య ఫ్రూమె, నలుగురు కొడుకులు, నలుగురికీ ఎర్ర జుట్టు అని రాశాను. రోజూ పొద్దున బస్సు షెడ్డులో పెట్టి ఇంటికి రావడం, మధ్యాహ్నం మళ్ళీ బస్సు తియ్యాల్సిన వేళ దాకా రాయడం. చెయ్యి నొప్పెట్టేది. ఏడుపు రాలేదు, కోపం వచ్చేది. ఇంతమంది మా ఇంట్లోనే, ఆవిడ తలలో ఉంటే, నేను ఒంటరి పిల్లనని చెప్పుకుంటూ పెరిగాను.

"నాకెందుకు చెప్పలేదు?" అని ఒకరోజు అడిగేశాను.

"క్లాసులో పిల్లలు విని బస్సెక్కి వాళ్ళ ఇళ్ళకి పోతారు. నువ్వు నాతోనే ఉంటావు. రోజూ నీ మొహంలో అది చూస్తూ అన్నం తినగలనా?"

ఏప్రిల్ చివర్లో వేన్ హాల్‌స్టెడ్ ఇంటికొచ్చాడు. ఊళ్ళో టైర్ల దుకాణం ఆయనదే, స్కూల్ బోర్డు అధ్యక్షుడు కూడా. మనిషి మర్యాదస్తుడు. కాళ్ళు తుడుచుకుని మరీ లోపలికొచ్చాడు.

"మిసెస్ కగన్, నేను మీకు వ్యతిరేకిని కాను. అందరికీ సమ్మతమయ్యేది చేద్దామని చూస్తున్నాను. గోళీలు వచ్చేశాయి. మీరు సంఖ్య చెబితే చాలు."

"మేము మనుషుల్ని లెక్కపెట్టం."

"మరి ఎందరు పోయారో ఎలా తెలుస్తుందండీ?"

"నన్ను అడిగితే చెబుతాను. ఒక్కొక్కర్నీ చెబుతాను. కూర్చుంటారా?"

ఆయన గడియారం చూసుకుని నవ్వాడు. "మే రెండో మంగళవారం బోర్డు సమావేశం ఉంది. ఎవరైనా వచ్చి పేరు రాయించుకుని మాట్లాడొచ్చు. మనిషికి మూడు నిమిషాలు. అందరికీ ఒకటే రూలు."

"వస్తాను," అంది అమ్మ.

ఆయన వెళ్ళిన మర్నాడు మా బస్సుల సూపర్వైజరు నన్ను పక్కకి పిలిచాడు. "పెనీనా, ఉద్యోగులు మైకు దగ్గరికి వెళ్ళకపోతే మంచిది. నేనన్నానని అనకు." రిటైరు కావడానికి నాకు మూడేళ్ళుంది. సరేనన్నాను.

ఆ వారంలోనే బోర్డు ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. ఆవిడెవరో మెత్తగా మాట్లాడింది. ఊరికే ఒక అంకె ఇస్తే సీసా పెట్టేస్తామని, దాంతో గొడవ సద్దుమణుగుతుందని, వచ్చే ఏటికి గంట సంగతి మళ్ళీ ఆలోచిస్తారని అంది. పుస్తకం నా ఎదురుగానే ఉంది. అమ్మ పక్క గదిలో నిద్రపోతోంది. పేర్లమీద పెన్సిల్ ఆనిస్తూ లెక్కపెట్టాను. ఒకటి కాదు, రెండు కాదు అని కూడా అనుకోలేదు. ఒకటి, రెండు, మూడు అనే లెక్కపెట్టాను.

పెన్సిల్ పక్కన పెట్టి, కాఫీ కలుపుకుంటూ, "నూట ఎనభై ఏడు," అన్నాను.

అమ్మ గంట దక్కించడానికే చేశానని నాకు నేను చెప్పుకున్నాను. సగం అబద్ధం. మిగతా సగం నా ఉద్యోగం.

సీసా పెట్టారు. బస్సు దిగి వెళ్ళి చూశాను, బావుంది కూడా, ఎండ పడితే నీలంగా మెరుస్తోంది. ఊరి వారపత్రికలో ఫోటో వేసి, కింద 'మిసెస్ కగన్ కుటుంబం ఇచ్చిన సంఖ్య ప్రకారం 187' అని రాశారు. తర్వాతి వారం ఎవరో ఉత్తరం రాశాడు. 'ఆ ఊళ్ళో రెండు వేలమంది పోయారని పుస్తకాల్లో ఉంది. ఇప్పుడు ఆవిడ ఇంటివాళ్ళే నూట ఎనభై ఏడంటున్నారు. ఇంకో పదేళ్ళకి ఎంతకి దిగుతుందో. మా పిల్లలకి దీన్నా నేర్పేది?'

అమ్మ భూతద్దం పెట్టుకుని ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివింది.

"ఎవరిచ్చారు?"

"నేనే," అన్నాను.

"ఇంకా రాయడం పూర్తే కాలేదు. వీధికి అవతలి వైపు మొదలే పెట్టలేదు." అరవలేదు ఆవిడ. అరిచి ఉంటే బావుండేది. "ఆ వైపు వాళ్ళందర్నీ నువ్వు వాడి చేతిలో పెట్టావు. లేనే లేరంటున్నాడు చూడు."

మూడు రోజులు మాట్లాడలేదు నాతో. భోజనం బల్ల దగ్గర ఉప్పు కావాలంటే లేచి తనే తెచ్చుకునేది. సాయంత్రం రోజు లెక్కపెట్టేటప్పుడు మాత్రం గొంతు వినిపించేది. నాలుగో రోజు పుస్తకం తీసి ఎదురుగా కూర్చున్నాను. "వీధికి అవతలి వైపు," అన్నాను. కుర్చీ దగ్గరికి లాక్కుని చెప్పడం మొదలుపెట్టింది.

మంగళవారం సాయంత్రం ఆరున్నరకి స్కూలు లైబ్రరీలో సమావేశం. బోర్డువాళ్ళు ఏడుగురు, ముందు ఒక మైకు, బల్లమీద మూడు నిమిషాలకి కూసే బజర్. గుమ్మం దగ్గర కాగితంలో మాట్లాడేవాళ్ళు పేర్లు రాయాలి. అమ్మ రాసింది. సోల్, డోలోరెస్ రాశారు. సూపర్వైజరు వెనక వరసలో కూర్చుని ఉన్నాడు. నేను రాయకుండా వెళ్ళి కూర్చున్నాను. తర్వాత లేచి వెళ్ళి రాశాను.

మొదట ఉత్తరం రాసిన మనిషి మాట్లాడాడు. నా అంకె పట్టుకునే మాట్లాడాడు, మూడు నిమిషాలూ. తర్వాత అమ్మ కర్ర పోటేసుకుంటూ వెళ్ళింది. నమస్కారం లేదు, ఉపోద్ఘాతం లేదు. లైజర్ కుండ గురించి చెప్పింది. పెస్యా తెలియనట్టు ఉండేదని చెబుతుండగా బజర్ కూసింది.

"సమయం అయిపోయిందండీ," అన్నాడు వేన్.

"చంటిదాని సంగతి మిగిలింది," అంది అమ్మ.

"రూలు అందరికీ ఒకటేనండీ. తర్వాత, పెనీనా కగన్."

వెళ్ళి నిలబడ్డాను. మైకు గొట్టం పట్టుకున్నాను. "పద్నాలుగో నంబరు బస్సు డ్రైవర్ని. నూట ఎనభై ఏడని చెప్పింది నేను. అది మా అమ్మ ఊరి సంఖ్య కాదు, ఆ రోజుకి నేను రాసిన పేర్లు అంతే. మా అమ్మ వద్దంటున్నా లెక్కపెట్టాను. తప్పు నాది. ఆ అంకె వెనక్కి తీసుకుంటున్నాను. లైజర్ ఇంట్లో చంటిదానికి పదకొండు రోజులు. ఆడపిల్ల. ఆ శనివారం పేరు పెట్టాల్సింది." మిగిలిన సమయంలో వీధికి అవతలి వైపు మొదటి ఇల్లు చదివాను. బజర్ కూశాక వచ్చి కూర్చున్నాను. వెనక్కి తిరిగి సూపర్వైజర్ని చూడలేదు.

తర్వాత సోల్ లేచాడు. "నేను ఇక్కడే పుట్టాను. నాకు ఆ ఇళ్ళేవీ తెలియవు. నా మూడు నిమిషాలు గిటెల్‌కి ఇవ్వొచ్చా?"

"కుదరదండీ."

"అయితే ఊరికే నిలబడతాను." నిలబడ్డాడు. చేతులు వెనక్కి కట్టుకుని, బోర్డువాళ్ళ మొహాలు ఒక్కొక్కటీ చూస్తూ, బజర్ కూసేదాకా మూడు నిమిషాలూ నిలబడ్డాడు. ఆ ఏడుగురిలో ఇద్దరు బల్లకేసి చూస్తూ ఉండిపోయారు.

డోలోరెస్ తర్వాత పేర్లు అయిపోతాయనుకున్నాను. వేన్ కాగితం తిప్పాడు. వెనకవైపు కూడా నిండి ఉంది. చేతులకి గ్రీజు మరకలున్న మెకానిక్ ఒకడు మైకు దగ్గరికి వచ్చాడు. "నేను ఆవిడ క్లాసులో కూర్చుని ఇరవయ్యేళ్ళయింది. మాకు ఆ ఏడు చెప్పింది మంత్రసాని ఇల్లు. ఆవిడకో మేక ఉండేది, కుండ తేవడానికి వస్తే అదీ వెంటొచ్చేది. పెద్ద కూతురి పేరు..." ఆగిపోయి నుదురు రుద్దుకున్నాడు. "మర్చిపోయాను."

"శెయ్నా," అంది అమ్మ కుర్చీలోంచి.

"శెయ్నా. మా ఏడు ఆ ఇల్లండీ," అని వెళ్ళిపోయాడు.

వాడి తర్వాత ఆస్పత్రి నర్సు. వాళ్ళ ఏడు దర్జీ ఇల్లు. ఆవిడ తర్వాత ఒక కుర్రతల్లి, చంకలో పిల్లతో. వాళ్ళ ఏడు తేనె అమ్మే ముసలాయన, ఆయన ఇద్దరు మనవలు. ఎవరూ పెద్ద మాటలు మాట్లాడలేదు. ఎవరి ఇల్లు వాళ్ళు చెప్పి కూర్చున్నారు. తప్పులు చెబితే అమ్మ కూర్చున్న చోటి నుంచే దిద్దింది. ఇన్నేళ్ళూ నాకు కాకుండా పోయిందని నేను ఏడ్చినదంతా వీళ్ళ దగ్గర భద్రంగా ఉంది. వీళ్ళందరూ ఒకప్పుడు నా బస్సెక్కినవాళ్ళే.

ఓటు జూన్‌కి వాయిదా వేశారు. నాకు మర్నాడే హెచ్చరిక కాగితం వచ్చింది. సంతకం పెట్టి, జూన్ రెండో మంగళవారానికి సెలవు అడిగాను. సూపర్వైజరు మొహం మాడ్చుకుని ఇచ్చాడు.

జూన్ సమావేశంలో జనం నిలబడ్డానికి కూడా చోటు లేదు. వేన్ ఈసారి మాటలకంటే ముందే ఓటు పెట్టాడు. గంట తిరిగి ఇవ్వాలని నలుగురు, వద్దని ముగ్గురు. సీసా కూడా తీసేస్తారు. చప్పట్లు మోగాయి. సోల్ నా భుజం మీద గట్టిగా ఒక్కటి చరిచాడు.

"కాబట్టి ఈ విషయం మీద ఇవాళ ఎవరూ మాట్లాడాల్సిన పని లేదు," అన్నాడు వేన్, పేర్ల కాగితం పక్కన పెడుతూ.

అమ్మ అప్పటికే లేచి నడుస్తోంది.

"మిసెస్ కగన్, మీకు కావలసింది వచ్చేసిందండీ."

"పిల్లలది పిల్లలకొచ్చింది. సంతోషం. ఆ కాగితంలో నా పేరుందా?"

ఆయన చూశాడు. "ఉందండీ."

"అయితే నా మూడు నిమిషాలు."

చేతిలో కాగితం లేదు. తోలు తాడు కుండ చెబుతుందేమో అనుకున్నాను.

"మా కుండకి గుర్తేమీ లేదు," అంది అమ్మ. "మాది పొయ్యిలో అన్నిటికన్నా లోపలుండేది. అందరివీ తీశాకే మాది బయటికొచ్చేది."

మేము రాసిన పుస్తకంలో ఆ ఇల్లు లేదు. నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. నా పక్కనున్న డోలోరెస్ కూడా ఎప్పుడూ వినలేదని ఆవిడ మొహం చూస్తే తెలిసింది.

"నాన్న నోహం. కనుబొమ్మల్లో ఎప్పుడూ పిండి ఉండేది. అమ్మ త్సీపా. ఊళ్ళో గొడవలన్నీ మా అంగట్లోనే తీర్చేది, తీరకపోతే ఇద్దర్నీ తిట్టి పంపేది. అన్న హెస్కెల్. పద్నాలుగేళ్ళు. లెక్కలు బాగా వచ్చు, అందుకని వాణ్ణి చదివించాలని నాన్న. చెల్లి మీరెలె. ఆరేళ్ళు. వేడి కుండ ముట్టుకుని చెయ్యి కాల్చుకుంది, ఆ మచ్చ చూపించి అందరి దగ్గరా పంచదార సంపాదించేది."

బజర్ కూసింది. వేన్ చెయ్యి చాపి దాన్ని ఆపాడు.

"ఇంకా తమ్ముడున్నాడు," అంది అమ్మ, ఆయన వైపు తిరగకుండానే.